నాకు కీహోల్, బాబాయికి కోత: గజ్జల్లో హెర్నియాకు ఏ ఆపరేషన్ మేలు?

"నీకేమో కీహోలు, మా నాన్నకేమో కోతా అన్నయ్యా?"

బెంగళూరు నుంచి మా బాబాయి కొడుకు ఫోన్లో అడిగిన ప్రశ్న ఇది. వాడి గొంతులో కోపం కన్నా బాధే ఎక్కువ వినిపించింది. డబ్బు దగ్గర వెనకాడి, పెద్దాయనకు పాత పద్ధతిలో కానిచ్చేస్తున్నామని వాడి అనుమానం. ఆ ప్రశ్నకు నేను వెంటనే జవాబు చెప్పలేకపోయాను. నాకు అర్థమైంది వాడికి అర్థమయ్యేలా చెప్పడానికి రెండు రోజులు పట్టింది. మన సహోద్యోగుల్లోనూ, వారి ఇళ్లలోనూ ఇదే సందేహం ఎందరికో ఉంటుందనిపించి ఈ వ్యాసం రాస్తున్నాను. నేను డాక్టర్ని కాను. ఒకే ఏడాదిలో ఒకే జబ్బుకు రెండు ఆపరేషన్లు దగ్గర నుంచి చూసిన బ్యాంకు ఉద్యోగిని మాత్రమే.

రేగుపండంత ఉబ్బు

నా కథ ఫిబ్రవరిలో మొదలైంది. స్నానం చేస్తుంటే కుడి గజ్జలో రేగుపండంత ఉబ్బు చేతికి తగిలింది. నొప్పి లేదు. రాత్రి పడుకుంటే మాయమయ్యేది. పొద్దున బ్రాంచికి వచ్చి గంటసేపు నిలబడితే మళ్లీ హాజరు పట్టీలో సంతకం చేసేది. ఇయర్ ఎండింగ్ పనులు, ఆ వెంటనే ఆడిట్, తర్వాత పిల్లవాడి అడ్మిషన్లు. అలా ఆగస్టు వచ్చింది. రేగుపండు కాస్తా నిమ్మకాయంత అయింది.

మన పల్లెల్లో దీన్ని గిలక అంటారు, కొన్నిచోట్ల బుడ్డ అంటారు. చాలామంది దీన్నీ వరిబీజాన్నీ ఒకటే అనుకుంటారు. రెండూ వేరు. వరిబీజం అంటే వృషణం చుట్టూ నీరు చేరడం. హెర్నియా అంటే పొట్ట గోడలో బలహీనమైన చోటు నుంచి లోపలి కొవ్వో, పేగులో కొంత భాగమో బయటికి తోసుకురావడం. పడుకుంటే లోపలికి పోవడం, దగ్గితే బయటికి రావడం హెర్నియా లక్షణం.

మగవాళ్లలో ఆ చోటు పుట్టుకతోనే కొంత బలహీనం. తల్లి కడుపులో ఉన్నప్పుడు వృషణాలు పొట్ట లోపల తయారై, పుట్టేలోగా గజ్జ దారిన కిందికి దిగుతాయి. దిగిన దారి మూసుకుపోవాలి. అది పూర్తిగా మూసుకోకపోయినా, వయసుతో అక్కడి కండరాలు సడలినా హెర్నియా వస్తుంది. జీవితకాలంలో నూటికి పాతిక మందికి పైగా మగవాళ్లకు గజ్జల్లో హెర్నియా వస్తుందని లెక్క. ఆడవాళ్లలో నూటికి ముగ్గురికి. బరువులెత్తడం ఒక్కటే కారణం కాదు. మానని దగ్గు, మలబద్ధకం, మూత్రానికి ముక్కాల్సి రావడం, పొగతాగడం, ఇంట్లో ఎవరికైనా ఉండటం, ఇవన్నీ తోడవుతాయి. కాబట్టి పాపం నాణేల సంచులనొక్కటే నిందించలేం.

ఆపరేషన్ తప్పదా?

ఇది నేను మొదట అడిగిన ప్రశ్న. మాత్రలతో హెర్నియా తగ్గదు. బెల్టు కడితే ఉబ్బు కనబడకుండా ఉంటుంది తప్ప రంధ్రం పూడదు. అలాగని కనబడిన రోజే ఆపరేషన్‌కు పరుగెత్తాల్సిన పనీ లేదు. పెద్దగా ఇబ్బంది లేని హెర్నియా ఉన్న 720 మంది మగవాళ్ల మీద అమెరికాలో జరిగిన అధ్యయనం 2006లో వచ్చింది. డాక్టరు గమనింపులో ఆగినవారిలో పేగు ఇరుక్కుని అత్యవసరం ఏర్పడటం ఏడాదికి వెయ్యికి ఇద్దరి కన్నా తక్కువగానే ఉంది. అయితే అదే బృందాన్ని పదేళ్లు గమనిస్తే, ఆగుదాం అనుకున్నవారిలో దాదాపు మూడింట రెండు వంతుల మంది చివరికి ఆపరేషన్ చేయించుకున్నారు. వారిని అందుకు తీసుకొచ్చింది ఎక్కువగా నొప్పే.

అంటే గాభరా అక్కర్లేదు, కానీ మరిచిపోకూడదు. ఈ వెసులుబాటు మగవాళ్లకే. ఆడవాళ్లలో తొడ మొదట్లో వచ్చే రకం హెర్నియా ఉండే అవకాశం ఎక్కువ. అది ఇరుక్కునే ప్రమాదమూ ఎక్కువ. అందుకే వారిని ఆగమని చెప్పరు.

మా బాబాయి ఆగడం కాదు, దాచేశాడు. ఆరేళ్లు పంచె కింద బెల్టు కట్టుకుని ఎవరికీ చెప్పలేదు. ఆ సెప్టెంబరులో ఒక రాత్రి ఉబ్బు గట్టిపడి లోపలికి పోలేదు. నొప్పి, రెండు వాంతులు. పిన్ని ఫోన్ చేస్తే కారులో ఆస్పత్రికి తీసుకెళ్లాను. అదృష్టం కొద్దీ డ్యూటీ డాక్టరు మందులిచ్చి, పడుకోబెట్టి, మెల్లగా లోపలికి పంపగలిగారు. "ఇంకొన్ని గంటలు ఆలస్యమైతే పేగుకు రక్తం ఆగిపోయి ఆ ముక్క కోసేయాల్సి వచ్చేది. ఇక వాయిదా వేయకండి" అన్నారు. తిరుగు ప్రయాణంలో బాబాయి ఒక్క మాటే అన్నాడు. "మీకు చెబితే కంగారు పడతారని చెప్పలేదురా." అందరు నాన్నలూ చెప్పే మాటే అది.

రంధ్రం పడిన నాణేల సంచి

ఇక అసలు విషయం. ఓపెన్, కీహోల్ అనగానే ఒకటి పాతది, ఒకటి కొత్తది అనుకుంటాం. నేనూ అలాగే అనుకున్నాను. నిజానికి ఈ రోజుల్లో పెద్దవాళ్లకు చేసే ఈ రెండు ఆపరేషన్లలోనూ సాధారణంగా జరిగేది ఒకటే. బలహీనమైన చోట వలలాంటి మెష్ వేసి అతుకుతారు. తేడా అల్లా ఆ అతుకు ఏ వైపు నుంచి వేస్తారన్నదే.

మన నాణేల సంచికి రంధ్రం పడిందనుకుందాం. మాసిక బయటి నుంచి వేయవచ్చు, లోపలి నుంచీ వేయవచ్చు. బయట వేస్తే దాన్ని గట్టిగా కుట్టాలి, ఎందుకంటే నాణేలు దాన్ని బయటికి తోస్తుంటాయి. లోపల వేస్తే నాణేల బరువే దాన్ని సంచి గోడకు అదిమి పెడుతుంది. కానీ లోపల వేయాలంటే సంచిలో చేయి పెట్టి, చీకట్లో, నాణేల మధ్య పనిచేయడం తెలిసి ఉండాలి. ఓపెన్ పద్ధతి బయటి మాసిక. కీహోల్ లోపలి మాసిక.

ఈ మాసిక ఆలోచన మరీ పాతదేమీ కాదు. 1880లలో ఇటలీలో ఎడ్వార్డో బస్సీని అనే సర్జన్ సడలిన కండరాలను దగ్గరకు లాగి కుట్టే పద్ధతి తెచ్చారు. దాదాపు వందేళ్లు ప్రపంచమంతా దాని దారిలోనే నడిచింది. చిక్కేమిటంటే లాగి కుట్టిన చోట బిగువు ఉంటుంది. బిగువున్న కుట్టు నొప్పి పెడుతుంది, కొన్నాళ్లకు వదులవుతుంది. 1980లలో లాస్ ఏంజిలిస్‌లో ఇర్వింగ్ లిక్టెన్‌స్టైన్ కండరాలను లాగకుండా పాలీప్రొపిలీన్ వల పరచి బిగువు లేని పద్ధతిని ప్రచారంలోకి తెచ్చారు. శరీరం ఆ వల కన్నాల గుండా కొత్త కణజాలాన్ని అల్లుకుంటుంది. నేడు ఓపెన్ ఆపరేషన్ అంటే ఎక్కువగా ఇదే. కీహోల్ పద్ధతులు 1990ల మొదట్లో వచ్చాయి. అంటే ఈ పాత, కొత్త పద్ధతుల మధ్య తేడా పదేళ్లు కూడా లేదు!

రెండు దారులు

ఓపెన్ పద్ధతిలో గజ్జ మీద సుమారు 5 నుంచి 8 సెంటీమీటర్ల కోత పెడతారు. బయటికి వచ్చిన సంచిని లోపలికి నెట్టి, కండరం మీద మెష్ పరచి కుట్టేస్తారు. వెన్నులో మత్తు ఇచ్చి చేయవచ్చు. అవసరమైతే ఆ చోటు వరకే తిమ్మిరెక్కించి, రోగి మాట్లాడుతుండగానే చేయవచ్చు. గుండె, ఊపిరితిత్తుల జబ్బులున్నవారికి ఈ ఒక్క సౌలభ్యమే పెద్ద వరం.

కీహోల్‌లో బొడ్డు దగ్గర సుమారు సెంటీమీటరు రంధ్రం ఒకటి, ఇంకా చిన్నవి రెండు పెడతారు. కార్బన్ డయాక్సైడ్ వాయువుతో లోపల చోటు చేసి, కెమెరా పంపి, తెరమీద చూస్తూ పొట్ట గోడకు లోపలి వైపున మెష్ పరుస్తారు. ఆ మెష్ కనీసం 10 × 15 సెంటీమీటర్లు ఉండాలంటారు. అంటే బయట రంధ్రం చిన్నది, లోపల మాసిక పెద్దది. పొట్టలోకి వెళ్లి పొర విప్పి చేసేది ఒక రకం, దాన్ని టాప్ అంటారు. పొట్టలోకి వెళ్లకుండా పొరకూ కండరానికీ మధ్యే చోటు చేసుకుని చేసేది ఇంకోటి, టెప్. ఫలితాల్లో ఈ రెంటికీ పెద్ద తేడా లేదు. దాదాపు ఎప్పుడూ పూర్తి మత్తు కావాలి.

కీహోల్‌తో మొదటి రోజుల్లో నొప్పి తక్కువ, పనిలోకి త్వరగా వెళ్లవచ్చు, గజ్జలో నెలల తరబడి ఉండిపోయే నొప్పి, తిమ్మిరి కూడా తక్కువ. రెండు వైపులా హెర్నియా ఉంటే అవే మూడు రంధ్రాల నుంచి రెంటినీ బాగుచేయవచ్చు. మరోవైపు సమయం కొంచెం ఎక్కువ, ఖర్చు ఎక్కువ. లోపలి పేగుకో మూత్రాశయానికో రక్తనాళానికో గాయమయ్యే ప్రమాదం చాలా అరుదే గానీ ఓపెన్ కన్నా ఎక్కువ.

చేతిలో ఉంది తిరకాసు

మరి హెర్నియా తిరిగి రాకుండా ఉండాలంటే ఏది మేలు? ఇక్కడే నా కళ్లు తెరుచుకున్నాయి. అమెరికాలో మాజీ సైనికుల ఆస్పత్రుల్లో రెండు వేల మందికి పైగా మగవాళ్ల మీద జరిగిన అధ్యయనం 2004లో వచ్చింది. మొదటిసారి వచ్చిన హెర్నియాల్లో, రెండేళ్లలో తిరగబెట్టినవి కీహోల్‌లో నూటికి 10, ఓపెన్‌లో 4. రెట్టింపుకు పైగా తేడా! కానీ లోతుగా చూస్తే, 250కి పైగా కీహోల్ ఆపరేషన్లు చేసిన సర్జన్ల దగ్గర ఆ తేడా మాయమైంది. పని నేర్చుకునే దశలో ఉన్న చేతులే ఆ అంకెను పెంచాయి.

2018లో వచ్చిన అంతర్జాతీయ మార్గదర్శకాల సారం కూడా దాదాపు ఇదే. అందరికీ సరిపోయే ఒకే పద్ధతి లేదు. సర్జన్‌కు బాగా చేయివచ్చి ఉంటే, ఒకవైపు హెర్నియా ఉన్న మగవాళ్లకు కీహోల్ మంచి ఎంపిక. రెండువైపులా ఉన్నవారికీ, ఆడవాళ్లకూ కీహోలే మేలు. పూర్వం ఓపెన్ చేయించుకుని తిరగబెడితే ఈసారి కీహోల్, కీహోల్ తర్వాత తిరగబెడితే ఈసారి ఓపెన్. మచ్చపడిన దారిని వదిలి తాజా దారిన వెళ్లడం అన్నమాట. పొట్ట కింది భాగంలో ముందే పెద్ద ఆపరేషన్ అయినవారికి, పూర్తి మత్తు తట్టుకోలేనివారికి ఓపెన్.

మేనేజ్‌మెంట్ చదువులో నేర్చుకున్న పట్టిక ఒకటి ఎడమవైపు ఓపెన్, కుడివైపు కీహోల్ అని గీసి మార్కులు వేశాను. మార్కులు వేయాల్సింది పద్ధతికి కాదు, ఈ రోగికీ ఈ సర్జన్‌కూ ఉన్న పొంతనకని చివరికి తెలిసింది. లోన్ ప్రపోజల్ చూసేటప్పుడు మనం చేసేదీ ఇదేగా! స్కీము ఎంత మంచిదైనా పార్టీని చూడకుండా శాంక్షన్ చేయం.

తమ్ముడికి చెప్పిన జవాబు

ఇప్పుడు మా ఇంటి రెండు కేసులూ చూడండి.

నేను మొదట చూపించుకున్న డాక్టరు కుడివైపే చూసి ఓపెన్ అన్నారు. రెండో ఆయన నిలబెట్టి రెండు వైపులా వేళ్లు పెట్టి "దగ్గండి" అన్నారు. ఎడమవైపు కూడా మొదలైందని అప్పుడు బయటపడింది. నాకు నలభై ఆరేళ్లు, వేరే జబ్బులు లేవు, పొట్టకు ముందు ఏ ఆపరేషనూ కాలేదు. రెండు వైపులకూ ఒకేసారి కీహోల్. మర్నాడు ఇంటికి వచ్చాను.

బాబాయికి డెబ్బై నాలుగు. గుండెకు రెండు స్టెంట్లు. పొగ మానేసినా ఆయాసం మానలేదు. పన్నెండేళ్ల క్రితం ప్రోస్టేట్‌కు పొట్ట కోసి ఆపరేషన్ చేశారు. కీహోల్ మెష్ పరచాల్సింది సరిగ్గా అక్కడే, ఆ పాత మచ్చల మధ్యే. పైగా పూర్తి మత్తు ఇవ్వాలి. నాకు కీహోల్ చేసిన సర్జనే ఆయన్ను చూసి "మా నాన్నగారైనా నేను ఓపెనే చేస్తాను" అన్నారు.

ఇదంతా తమ్ముడికి చెప్పాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత "డబ్బు గురించి కాదుగా అన్నయ్యా?" అన్నాడు. "కాదురా. కీహోలే మేలైతే నువ్వడగక ముందే చేయించేవాళ్లం" అన్నాను. డాక్టరుతో వీడియో కాల్లో మాట్లాడించాను. గుండె డాక్టరు చెప్పినట్టు మాత్రలు సర్దారు. ఆ చోటుకే మత్తిచ్చి గంటలో ముగించారు. లోపల సర్జన్‌తో వరి ధర గురించి మాట్లాడానని బాబాయి ఇప్పటికీ గొప్పగా చెబుతాడు.

ఆపరేషన్ తర్వాత

నేను కీహోల్ కదా అని వారానికే అంతా మరిచిపోతాననుకున్నాను. గ్యాసు వల్ల రెండు రోజులు భుజం నొప్పి పెట్టింది. పదో రోజున కుడి గజ్జలో మళ్లీ ఉబ్బు కనబడి గుండె జారిపోయింది. హెర్నియా పోయిన ఖాళీలో నీరు చేరిందని, కొన్ని వారాల్లో అదే ఇంకిపోతుందని డాక్టరు చెప్పారు. అలాగే పోయింది. బాబాయికి మొదటి వారం నొప్పి ఎక్కువే. కోత చుట్టూ ఇప్పటికీ కాస్త తిమ్మిరి ఉంది. నడవడం మాత్రం ఆ సాయంత్రమే మొదలుపెట్టాడు.

మన ఇళ్లలో ఆపరేషన్ అంటే మూడు నెలలు మంచం దిగకూడదనే నమ్మకం ఉంది. మెష్ పద్ధతుల్లో అంత అవసరం లేదు. నొప్పి అనుమతించినంత వరకు మామూలు పనులు చేసుకోవచ్చనే మార్గదర్శకాలు చెబుతున్నాయి. బరువుల విషయంలో మీ సర్జన్ చెప్పింది వినండి. మలబద్ధకం, దగ్గు రాకుండా చూసుకోవడం రెండు పద్ధతుల్లోనూ ముఖ్యమే. ఏ పద్ధతిలోనైనా కొందరికి నొప్పి మూడు నెలలు దాటి ఉంటుంది. అలా ఉంటే సరిపెట్టుకోకుండా మళ్లీ చూపించుకోవాలి.

ఖర్చు, బీమా, దోమతెర

ఖర్చు సంగతి మాట్లాడకపోతే బ్యాంకు పత్రిక ఎలా అవుతుంది? కీహోల్ బిల్లు ఎక్కువ రావడానికి ముఖ్య కారణాలు పరికరాలు, పూర్తి మత్తు, థియేటర్ సమయం. మెష్‌లో కూడా రకాలుంటాయి. ఖరీదైనదే మేలని కాదు. మహారాష్ట్రలోని దొండాయిచా అనే చిన్న ఊళ్లో డాక్టర్ టోంగావ్‌కర్ దోమతెర గుడ్డను శుద్ధిచేసి, స్టెరిలైజ్ చేసి మెష్‌గా వాడి చూపించారు. 2016లో ఉగాండాలో 302 మంది మగవాళ్ల మీద వచ్చిన అధ్యయనంలో దోమతెర మెష్‌కూ ఖరీదైన మెష్‌కూ ఏడాది తర్వాత చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. మనం దోమతెర అడగనక్కర్లేదు గానీ, "ఈ ఖరీదైన మెష్ నాకెందుకు?" అని మాత్రం నిరభ్యంతరంగా అడగవచ్చు.

సర్వీసులో ఉన్నవారికి గ్రూప్ మెడిక్లెయిమ్ ఉంది. అత్యవసరం కాని ఆపరేషన్ కనుక టీపీఏ ముందస్తు అనుమతి తీసుకుని వెళితే డిశ్చార్జి రోజు కౌంటర్ దగ్గర తలనొప్పి ఉండదు. రిటైర్మెంట్‌కు దగ్గరైనవారు ఒకటి గుర్తుంచుకోవాలి. చాలా వ్యక్తిగత ఆరోగ్య పాలసీల్లో హెర్నియాకు రెండేళ్ల నిరీక్షణ కాలం ఉంటుంది. ఉబ్బు కనబడ్డాక పాలసీ తీసుకుంటే ఆ రెండేళ్లూ మీ జేబే బీమా కంపెనీ.

డాక్టర్ని అడగాల్సినవి

• నాకు ఒకవైపే ఉందా, రెండు వైపులా ఉందా?
• ఇప్పుడే చేయించుకోవాలా, కొంతకాలం గమనించవచ్చా?
• నా వయసుకూ, జబ్బులకూ, పాత ఆపరేషన్లకూ ఏ మత్తు, ఏ పద్ధతి సరిపోతుంది? ఎందుకు?
• ఈ పద్ధతిలో మీరు ఇప్పటిదాకా ఎన్ని చేశారు?
• కీహోల్ మొదలుపెట్టి మధ్యలో ఓపెన్‌కు మారాల్సి వస్తే ఏం చేస్తారు?
• మెష్ రకం ఏమిటి, మొత్తం ఖర్చు ఎంత?

నాలుగో ప్రశ్న అడగడానికి మొహమాటపడ్డాను. సర్జన్ నవ్వి, జవాబిచ్చి, "అందరూ ఇది అడిగితే బాగుండు" అన్నారు. మంచి డాక్టరు ఈ ప్రశ్నకు నొచ్చుకోరు.

ఒక్క పరిస్థితిలో మాత్రం ప్రశ్నలూ పట్టికలూ పక్కన పెట్టాలి. ఉబ్బు గట్టిపడి లోపలికి పోకపోవడం, నొప్పి పెరగడం, వాంతులు, గ్యాసూ విరేచనమూ ఆగిపోవడం, ఉబ్బు మీద చర్మం ఎర్రబడటం. వీటిలో ఏది కనబడినా అర్ధరాత్రైనా ఆస్పత్రికి వెళ్లాలి. తెల్లారాక చూద్దాం అనుకోకూడదు.

సంక్రాంతికి తమ్ముడు ఊరొచ్చాడు. బాబాయి చొక్కా ఎత్తి కోత మచ్చ చూపించాడు. నా మూడు చుక్కలు వెతికినా కనబడలేదు. "అన్నయ్యది చిన్నదే, కానీ నాన్నది భలే మానింది" అన్నాడు వాడు. నాకు ఆ మాట చాలు. మీలో ఎవరి గజ్జలోనైనా ఆ రేగుపండు ఉంటే, మార్చి 31 దాటనివ్వకండి. ఇంట్లో పెద్దవాళ్లనూ ఒకసారి పక్కన కూర్చోబెట్టుకుని అడగండి. వాళ్లంతట వాళ్లు చెప్పరు.